కూలిన గదిలో మా అత్తమ్మ పట్టుకున్న చెయ్యి

సహోదరులారా, సహోదరీలారా, పట్టపగలు చీకటి కమ్మడం మీరెప్పుడైనా చూశారా? న్యూ లిన్ పేటలో మా అద్దె ఇంటి వంటగదిలో నిలబడి నేను చూశాను! చూసి కూడా ఈ రోజు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే అది కేవలం ఆయన కృప, దేవునికే మహిమ.

ఆ రోజు మా వారు ఆఫీసు పని మీద వెల్లింగ్టన్ వెళ్ళారు, ఇంట్లో నేనూ, మమ్మల్ని చూడ్డానికి తెనాలి నుంచి వచ్చిన మా అత్తమ్మా ఇద్దరమే ఉన్నాం. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే అత్తమ్మ వెనక గదిలో తలుపు వేసుకుని, ముసుగు కప్పుకుని, మంచం పక్కన మోకరిస్తారు, ఆవిడ ఆమేన్ అనేదాకా ఆ తలుపు తట్టే ధైర్యం ఎవరికీ లేదు, సొంత కొడుక్కే లేదు. ఆకాశం నల్లబడి వడగళ్ళు పడుతుంటే భయమేసి తలుపు దాకా వెళ్ళాను, ప్రార్థనలో ఉన్న మనిషిని కదిలించకూడదని వెనక్కి వచ్చేశాను. అంతే! పిండిమర నెత్తిన పెట్టినట్టు చప్పుడు, కిటికీలు పగిలాయి, పైకప్పు లేచిపోయింది, నేను బల్ల కింద దూరి యేసయ్యా యేసయ్యా అని అరిచాను. మన వైపు తుఫానైతే ముందు కబురు పెట్టి వస్తుంది, ఈ టోర్నడో ఉన్నట్టుండి మీద పడింది.

గాలి ఆగాక లేచి చూస్తే వెనక గది మీద చెట్టూ దూలాలూ కలిసి కూలి ఉన్నాయి. అత్తమ్మా అని ఎంత పిలిచినా జవాబు లేదు. తలుపు తట్టి ఉంటే బతికేది కదా, ఆవిడ కొడుక్కి ఏమని చెప్పను అని గుండెలు బాదుకున్నాను. "తండ్రీ, ఇంకేమీ అడగను, ఆ తల్లిని నాకు తిరిగి ఇవ్వు" అని ఏడ్చాను.

అప్పుడొచ్చాడు పక్కింటి సియోనే, టోంగా దేశస్థుడు. అప్పటిదాకా మాకు చెయ్యి ఊపుకునే పరిచయమే. ఆయన కారు కూడా గోడ కింద నలిగిపోయింది, అది వదిలేసి మిషన్ రంపం పట్టుకుని వచ్చాడు. రోజూ మా గుమ్మం ముందు చెప్పుల వరస చూస్తాడు కాబట్టి, పైకప్పు లేని ఆ ఇంటి గుమ్మంలో ఆగి బూట్లు విప్పబోయాడు! లోపలంతా గాజుపెంకులు, వద్దు బాబూ రా అని చెయ్యి పట్టి లాగాను. ఎదురింటి హైదరాబాద్ సుజాతక్క కూడా పరుగున వచ్చింది, బొట్టు పెట్టుకునే మనిషి, తన దేవుడికి మొక్కుకుంటూనే నాతో సమానంగా చెక్కలు మోసింది.

సియోనే కొమ్మలు కోసి, సందులోకి భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కదలకుండా ఉండిపోయి, ఆవిడ నా చెయ్యి పట్టుకుంది అన్నాడు. స్తోత్రం! దూలం మంచం మీద పడి ఆగిపోయింది, పక్కన నేల మీద మోకరించిన మనిషికి ఆ మంచమే అడ్డు నిలిచింది. భుజం ఎముక విరిగింది, దుమ్ముకి గొంతు పూడుకుపోయి పలకలేకపోయింది, అంతే.

బయటికి తెచ్చాక ఆవిడ అన్న మొదటి మాట ఇది: "ప్రభువా, చెయ్యందించు అన్నానమ్మా. చెయ్యొచ్చింది. పట్టుకున్నాను."

గాజుపెంకు కోసుకుని రక్తం కారుతున్న సియోనే చేతిని అంబులెన్స్ వచ్చేదాకా వదల్లేదు, తన ముసుగు గుడ్డతోనే కట్టు కట్టించింది. ఇల్లు బాగయ్యేదాకా మేం సుజాతక్క వాళ్ళింట్లోనే ఉన్నాం, సియోనే చర్చి సంఘం వాళ్ళు వీధిలో ప్రతి ఇంటికీ టార్పాలిన్లు కట్టారు, వాళ్ళందరికీ మేం పులిహోర కలిపాం.

ప్రియులారా, ఈ రోజు మీలో ఎవరైనా కూలిన గదిలో ఉంటే, గొంతు పెగలకపోయినా పిలవండి, ఆయన వింటాడు. మీ ఇల్లు నిలిచే ఉంటే మాత్రం ఇక్కడ కూర్చోకండి, లేచి పక్కింటికి వెళ్ళండి, అక్కడెవరో ఇప్పటికే ఆయన్ని పిలిచి ఎదురుచూస్తున్నారు. ఆమేన్.