గొంతు బాగాలేదన్న రమణమ్మ

యూనివర్సిటీ ఆఫీసులో ఏ సభ జరిగినా మైకు ముందు ఇద్దరు గుమాస్తాలు నిలబడేవారు. కడప నుంచి వచ్చిన వెంకటరమణమ్మ, జనగామ నుంచి వచ్చిన వనజ. మొదట రాష్ట్ర గీతం, చివర జాతీయ గీతం. రమణమ్మ ఎత్తుకుంటే వనజ అందుకునేది. సాయంత్రం తార్నాక దాకా ఇద్దరూ కబుర్లాడుకుంటూ నడిచిపోయేవారు.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ముదిరింది. క్యాంపస్‌లో పిల్లల మీద లాఠీలు విరుగుతున్నాయి. రాష్ట్ర గీతానికి లేవొద్దని తెలంగాణ ఉద్యోగులు అనుకున్నారు. మా నీళ్ళు, మా కొలువులు ఎటుపోయాయంటే జవాబు చెప్పనివాళ్ళు, పాటకు మాత్రం లేవమంటే ఎవరు లేస్తారు? న్యాయమే. కానీ ఆ న్యాయం వనజ మెడకు చుట్టుకుంది.

"చెల్లె, నువ్వు లేస్తే మాతోని నీకు మాటల్లేవు" అన్నాడు వాళ్ళ సంఘం రాంచందర్. కూర్చుంటే రావలసిన ప్రమోషన్ ఆగుతుందని పైఅధికారి ముందే చెవిన వేశాడు.

సీమ ఉద్యోగుల పెద్ద రాఘవేంద్ర రమణమ్మ దగ్గరికి వచ్చాడు. "నువ్వు పాడాల్సిందే అక్కా. ఎవురు లెయ్యరో చూస్తాం."

నవంబరు ఒకటి, రాష్ట్రావతరణ సభ. రమణమ్మ ఒక్కతే మైకు ముందుకొచ్చింది. సగం హాలు లేచింది. సగం చేతులు కట్టుకుని కూర్చుంది. వనజ ముందు కుర్చీ పట్టుకుని సగం లేచి ఆగిపోయింది. అటు అధికారి, ఇటు రాంచందర్ ఆమెనే చూస్తున్నారు.

రమణమ్మ మైకు పక్కకు తిప్పింది.

"గొంతు బాగాలేదు. పాట లేకుండానే కానీండి."

నిలబడినవాళ్ళు దిక్కులు చూసి కూర్చున్నారు. వనజా కూర్చుంది.

చివర జాతీయ గీతానికి అందరూ లేచి తలా ఒక గొంతు కలిపారు. గొంతు లేదన్నాక ఎలా పాడుతుంది? రమణమ్మ పెదవులు బిగించి నిలబడింది. వరండాలో రాఘవేంద్ర పట్టుకున్నాడు.

"దేశం పాటకు గూడా నోరు తెరవలా. అమ్ముడుబోయినావా?"

"పొయినాలే, పక్కకు జరుగు."

దారిలో వనజ అంది, "అక్కా, నీ గొంతు మంచిగనే ఉన్నది గదా."

"నువ్వట్లా మధ్యలో వంగి నిలబడితే నాకు పాట యాడొస్తాది?"

"మీవోళ్ళు ఊకుంటరా?"

"ఊకోరు."

ఊరుకోలేదు. మళ్ళీ ఏ సభకూ రమణమ్మను మైకు దగ్గరికి పిలవలేదు. జాతీయ గీతానికి వనజను పిలిచారు.

"అక్క లేంది నేను పాడ" అని ఆమె సీట్లోంచి కదల్లేదు.