చేతులకు నీళ్లు

మా స్కూల్లో పనిచేసే టీచరమ్మకు ఆత్మకూరులో కాన్పయిందంటే చూద్దామని మొన్న ఉదయగిరి నుంచి బస్సెక్కి వెళ్లాను. వార్డు గుమ్మం పక్కన గోడకు తగిలించిన సీసా నొక్కితే చల్లటి మందు అరచేతిలో పడింది. రెండు చేతులూ రుద్దుకోగానే ఆ ఘాటు ముక్కుకు తగిలి పెదనాయన గుర్తొచ్చాడు. పొద్దుటి నుంచి నాకు గొంతులో గరగర, ముక్కు కారడం. బస్సులో పట్టించుకోలేదు గాని, ఆ వాసనకు కాలు గడప ముందే ఆగిపోయింది.

పెదనాయనది చేజర్ల దగ్గర పల్లె. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆయన నోరు మంచిదని ఎవరూ అనరు, అయినా ఊరు ఆయన మాట వినేది. ఎవరు గడప తొక్కినా, పోట్లాటకు వచ్చినవాడికైనా సరే, ముందు చెంబుతో నీళ్లు వెళ్లేవి. కాళ్లూ చేతులూ కడుక్కుని కూర్చున్నాకే మాట. తిట్టేది ఉంటే ఆ తర్వాత తిట్టేవాడు.

కొన్నేళ్ల కింద పొలం గట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆత్మకూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. పెద్దమ్మకు చూపు ఆనదు కాబట్టి, సెలవు పెట్టి నేను తోడుగా ఉన్నాను. పక్క మంచం మీద పెంచలయ్య అనే అతను. చెరువులో చేపలు పట్టి, కూలికి పోయి బతికేవాడు. పొట్టకు పెద్ద ఆపరేషన్ అయి, మాట్లాడే ఓపిక కూడా లేకుండా పడి ఉన్నాడు. అతనికి దగ్గొస్తే కుట్లు తెగే ప్రమాదముందనీ, జలుబు జ్వరాలున్న వాళ్లను దగ్గరికి రానీయొద్దనీ సిస్టర్ అతని భార్యకు చెప్తుంటే మేమూ విన్నాం.

మా వైపు ఆసుపత్రిలో ఉన్న మనిషిని వెళ్లి పలకరించకపోతే జీవితాంతం మాట పడాలి. అందుకని ఊరు ఊరంతా ఆటోల్లో దిగింది. చెప్పులు మాత్రం భక్తిగా బయట వదిలేవాళ్లు. లోపలికొచ్చి, బస్సు కమ్మీలు పట్టుకున్న చేతులతోనే కట్టు తడిమి, మంచం మీద కూర్చుని, పండు కోసి ఆయన నోట్లో పెట్టేవాళ్లు. సిస్టర్ అరిచి అరిచి అలసిపోయింది. చేతులు కడుక్కోమని చెప్తే, మేమేమన్నా అంటరానివాళ్లమా అని మా పెద్దవాళ్లే నా మీద లేచారు. నేను నోరు మూసుకున్నాను.

పెదనాయన ఊరుకోలేదు. “పాపా, వచ్చినోళ్లకి నీళ్లియ్యవేంది?” అన్నాడు.

“ఇక్కడ యాడియ్యను పెదనాయనా?”

“వరండా చివర పంపుండాది గదా. సబ్బు చేతిలో పెట్టు. ఇంటికొచ్చినోళ్లకి ఇయ్యమా?”

ఆ పూట నుంచి సబ్బు పట్టుకుని పంపు దగ్గర నిలబడటం నా పనయింది. అలిగినవాళ్లే ఇది మర్యాద అనుకుని మురిసిపోతూ కడుక్కున్నారు. “ఇద్దరు చాలు, తక్కినోళ్లు బయటుండండి. మంచం మీద కాదు, బల్ల మీద కూర్చోండి. కట్టు తాకబాకండి, అదేమన్నా దేవుడి పటమా?” అంటూ ఆయన మంచం మీంచే వార్డు నడిపాడు. కట్టు మార్చడానికి వచ్చిన సిస్టర్‌ని కూడా “నువ్వు కడుక్కున్నావా తల్లీ?” అని అడిగేవాడు. ఆమె నవ్వి చేతులు చూపించేది.

అలాంటప్పుడు కొండాపురం మామ వచ్చాడు. పెద్దమ్మకు సొంత తమ్ముడు, పెదనాయన దగ్గరుండి పెళ్లి చేసిన బావమరిది. పంపు దగ్గర బుద్ధిగా చేతులు కడుక్కున్నాడు గాని, గుమ్మంలోకి రాగానే తెరలు తెరలుగా దగ్గాడు.

“జొరముండాదా రా?” అన్నాడు పెదనాయన.

“రాత్రి నించి కొంచెం. మాత్ర ఏసుకున్నాలే బావా.”

“అట్టయితే లోపలికి రాబాక. కిటికీ కాడికి రా, మాట్లాడుకుందాం.”

మామ వేళాకోళమనుకుని నవ్వాడు. “నీకేమైపోద్ది బావా?”

“నాకేం గాదు. పెంచలయ్యకు దగ్గు తగిలితే కుట్లు నిలవ్వు.”

మామ పక్క మంచం వైపు చూశాడు. ముఖం నల్లబడింది. “చేపలు పట్టేవాడి కోసం నన్ను బయట నిలబెడతావా?”

పెంచలయ్య భార్య గాభరాగా లేచింది. “వద్దు సామీ, మేమే వరండాలో పడుకుంటాం.”

పెదనాయన ఆమెను కూర్చోమని చెయ్యి ఊపాడు. “నా ఇంట్లో అయితే నిన్ను బయట పెడతానా రా? ఇది నా ఒక్కడి ఇల్లు గాదు. ఆయన ఇల్లు గూడా.”

మామ పండ్ల సంచి గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం పెదనాయన అన్నం ముట్టలేదు. బాధగా ఉందా అని అడిగితే, “ఉండదా? నా చేతుల మీద పెరిగినోడు” అని గోడ వైపు తిరిగాడు. పెంచలయ్య దగ్గనే దగ్గకుండా కుట్లు విప్పించుకుని చెరువుకు వెళ్లిపోయాడు. మామ మాత్రం మా ఇంటి శుభకార్యాలకు రావడం మానేశాడు. పెద్దమ్మ సణుగుతూనే ఉండేది. ఆయన ఆ మాటలు పడ్డాడు గాని, తప్పయిందని ఒక్కసారీ అనలేదు.

తర్వాత మామకు అదే ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. కబురు అందగానే పెదనాయన కర్ర పట్టుకుని బయల్దేరాడు, తోడుగా నేను. దారి పొడవునా ఆయనకు తుమ్ములే. ఆసుపత్రికి చేరాక మెట్లెక్కలేదు. ఎండలో చుట్టూ తిరిగి వెళ్లి, వార్డు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

మామ చూశాడు. భార్యతో, “బావకి నీళ్లియ్యి. లోపలికి రమ్మను” అన్నాడు.

“వద్దులే రా. జలుబు చేసుండాది” అన్నాడు పెదనాయన. “కనబడినా గదా, చాలు.”

మామ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

పెదనాయన ఇప్పుడు లేడు. మొన్న నేనూ గడప దగ్గర నుంచి వెనక్కి తిరిగి, కిటికీ వైపు వెళ్లాను. టీచరమ్మ నన్ను చూసి బిడ్డను పైకెత్తి చూపించింది. గుప్పిళ్లు బిగించి నిద్రపోతోంది. ఎత్తుకోవాలని చేతులు లాగాయి.

“ఇంత దూరం వచ్చి అక్కడే నిలబడ్డారేంది? లోపలికి రండి” అంది టీచరమ్మ.

“జలుబు చేసుండాదమ్మా” అన్నాను. “కనబడినా గదా, చాలు.”