బొంతలో చేపలు

మా మావయ్య పట్టిన ప్రతి చేపనూ బొంత మీద కుడతాడు. ఐదు నెలలుగా ఆయన గురించి చెప్పుకోవడానికి ఇది తప్ప ఏమీ లేదు. ఇదీ చెప్పుకోవలసింది కాదు.

అందరిలా వానపాము గుచ్చి పట్టడు. కోడి ఈకనూ పట్టుదారాన్నీ కలిపి గాలం ముల్లు మీద చేపను మోసం చేసే ఉత్తుత్తి ఈగను కడతాడు. నడుం లోతు ఏట్లో నిలబడి దాన్ని నీటి మీద వాలిస్తాడు, ఎగరేస్తాడు, మళ్లీ వాలిస్తాడు. చూసేవాళ్లకు ఎవరో గాలిని కొరడాతో కొడుతున్నట్టుంటుంది. పడ్డ చేపను కొలిచి వదిలేస్తాడు. ఇంటికొచ్చి అదే కొలతకు గుడ్డ కత్తిరిస్తాడు.

“ఇన్నేళ్లలో కూరకి ఒక్క చేపన్నా తెచ్చారా?” అంటుంది అత్తయ్య.

“వదిలేస్తే పెరుగుతుందే.”

“ఏట్లోనా, బొంతలోనా?”

గుడ్డ ఎవరిదని అడక్కూడదు. అత్తయ్య చీర అంచులు తోకలయ్యాయి. ఇంటర్వ్యూ రోజు పొద్దున నేను బీరువా అంతా వెతికాను.

“నా నీలం చొక్కా ఏది మావయ్యా?”

“మూడో వరసలో. ఎడం పక్క.”

ఇక ఆ కుట్టు. జానెడుకు నాలుగు, అవీ వంకర. తల ఒక దిక్కు, తోక ఒక దిక్కు. మడతలు విప్పి పాత వరసలు చూసే ఓపిక నాకెప్పుడూ లేకపోయింది.

ఆదివారాలు ఆ మూటను తన స్నేహితుడు దర్జీకి చూపించడానికి తీసుకెళ్తాడు. ఆయనకు ఆర్నెల్ల కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లకు పని చెబితే తిరిగొస్తాయని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, ఎడంచేత్తో వీధిలోకి విసిరేశాడట. కొడుకు కుట్టుమిషను అమ్మకానికి పెట్టాడు. అలాంటి మనిషికి ఈ శిక్ష కూడానా? ఆపుదామని ఒకసారి వెంట వెళ్లాను.

మావయ్య బొంతను దర్జీ ఒళ్లో పరిచాడు.

“ఇదేంట్రా?”

“చేప.”

“దీన్ని లారీ తొక్కిందా?”

“నాకొచ్చింది అంతే.”

“ముప్పై ఏళ్లు నా కొట్టు అరుగు మీద కూర్చున్నావు. గోడక్కూడా వచ్చేసేది కుట్టు.”

దర్జీ ఎడంచేత్తో దారం పీకేశాడు. సూది కుడిచేతిలోకి తీసుకున్నాడు. జారింది. మళ్లీ తీసుకున్నాడు. గంటలో పదకొండు కుట్లు వేశాడు. చీమలు బారు కట్టినట్టున్నాయి. అప్పుడు చూశాను. పాత వరసలన్నీ ఆ చీమల బారు కుట్లతోనే ఉన్నాయి.

“మిషను మీద ఆ బట్టల కుప్ప తీసెయ్,” అన్నాడు కొడుకుతో.

గుమ్మం దాటాక అడిగాను: “వడ్లగింజంత ఈగకి నలభై చుట్లు దారం చుడతావు. నీకు కుట్టు రాదా?”

“మెల్లగా మాట్లాడు. వాడికి వినిపిస్తుంది.”

కిటికీలోంచి దర్జీ కేకేశాడు: “ఒరేయ్, వచ్చేవారం నీ ఈగ కూడా తీసుకురా. అదెంత దరిద్రంగా కట్టావో చూస్తా.”

ఆ సాయంత్రం మావయ్య చెడ్డ ఈగను కట్టడానికి మూడు గంటలు తంటాలు పడ్డాడు. ఎలా కట్టినా బాగానే వచ్చింది. చివరికి ఈకా దారమూ నా ముందుకు తోశాడు.

నాకు మొదటిసారికే కుదిరింది.