బోర్డు ఖాళీ అయ్యేదాకా

కాక పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను గోదావరిఖని చౌరస్తాలో ఉన్నాను. మొదటి షిఫ్టు వదిలే వేళ. ఆటో నిండితే కదులుదామని అరగంటగా చూస్తుంటే ఇద్దరే ఎక్కారు. అప్పుడు మా ఆవిడ ఫోన్ చేసి, "కాక పోయిండు. చాయ్ తాగి కుర్చీల కూసున్నడు, గంతే" అంది. ఎక్కిన ఇద్దరినీ దిగమన్నాను. అందులో ఒకాయన విసుక్కుంటే నేనూ ఆయన మీద గట్టిగానే అరిచాను. ఇరవై రోజులుగా నేను కాకతో మాట్లాడటం లేదు. ఇక మాట్లాడే వీలే లేదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆ పెద్దమనిషి మీద చూపించాను.

కాక నాకు చుట్టం కాదు, పక్కింటాయన. బొగ్గుబావిలో ల్యాంపు రూంలో పనిచేసి రిటైరయ్యాడు. ల్యాంపు రూం సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతాను. బావిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న బిళ్ళ అక్కడి మేకుకు తగిలించి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం అప్పగించి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కూడా మేకుకు బిళ్ళ వేలాడుతూ ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. కాక సర్వీసు మొత్తంలో ఒక్కసారి ఒక్క బిళ్ళ అలా మిగిలిపోయిందట. అది ఎవరిదో కాక ఎన్నడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి మా గల్లీలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. వస్తూ వస్తూ ఆ అలవాటునూ వెంట తెచ్చుకున్నాడు. వరండాలో ఒక చెక్క, దాని నిండా మేకులు. రేకు ముక్కలను గుండ్రంగా కత్తిరించి, గల్లీలో పనికి పోయే ప్రతి మనిషికీ ఒక బిళ్ళ చేశాడు. ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడిపేవాడికి ఒకటి, దవాఖానలో ఆయాగా చేసే అక్కకు ఒకటి, పెద్దపల్లికి బస్సులో పోయి బట్టల షాపులో నిలబడే పిల్లకు ఒకటి. పొద్దున ఎవరు గడప దాటితే వాళ్ల బిళ్ళ మేకుకెక్కేది. సాయంత్రం ఎవరొస్తే వాళ్ల బిళ్ళ తీసి హార్లిక్స్ సీసాలో వేసేవాడు. వేస్తూ ఒకే మాట అడిగేవాడు: "వాపస్ అచ్చినవా?" అచ్చిన అంటే, "ఇగ సాలు" అనేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకునేవారు. నేనూ నవ్వినవాణ్నే.

కాక గురించి రాస్తూ ఆయన్ని దేవుణ్ని చేయను. మొండి మనిషి. నల్లా నీళ్ల దగ్గర ఆడవాళ్లతో సమానంగా కొట్లాడేవాడు. చాయ్‌లో చక్కెర తగ్గితే పెళ్లాన్ని, మా చిన్నమ్మను, గల్లీ అంతా వినేలా తిట్టేవాడు. కానీ నల్లా వస్తే, "ఇయ్యాల నీళ్లచ్చినయి, సూసిండ్రా" అని ఇంటింటికీ చెప్పేవాడు, అవేవో తానే పంపించినట్టు. కరెంటు పోయి వచ్చినా అంతే. ఆయన లెక్కన వచ్చినదానికల్లా మనం దండం పెట్టాల్సిందే.

నాకు ఆ 'సాలు' అన్న మాటతోనే పేచీ వచ్చింది. నేను అండర్‌గ్రౌండ్ బావిలో కాంట్రాక్టు లేబరుగా పదకొండేళ్లు చేశాను. బావి మూతపడింది. పర్మినెంటు వాళ్లను వేరే బావులకు పంపారు, కొందరిని శ్రీరాంపూర్ దాకా. మమ్మల్ని మాత్రం మా కాంట్రాక్టరు, "రేపటి సంది రాకుండ్రి" అన్నాడు. అంతే, పదకొండేళ్లకు ఆ ఒక్క మాట. అప్పటి నుంచి కిరాయి ఆటో. పొద్దంతా తిరిగి సాయంత్రం కిరాయి కట్టాక జేబులో ఏముంటుందో చెప్పుకోవడానికి సిగ్గు. బిడ్డ నర్సింగు చదువుతానంటే, "వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. అలా అనడం అది రెండోసారి. ఇక ఫోన్ తెరిస్తే చాలు, ఉన్నదానితో తృప్తి పడమని ఎవరో ఒకరు పువ్వుల బొమ్మ మీద రాసి పంపుతారు. పంపేవాళ్లకు నెల తిరిగేసరికి జీతం పడుతుంది.

అలాంటి ఒక సాయంత్రం ఇంటికొస్తుంటే కాక అడిగాడు. "వాపస్ అచ్చినవా?"

"అచ్చిన. ఉత్త చేతులతోని అచ్చిన. దేనికి సాలు కాకా? ఎవనికి దండం పెట్టాలె? పనిలేనోనికి బిళ్ళెందుకు, నాది తీసెయ్!" అని అరిచాను. గల్లీ అంతా బయటికొచ్చింది.

కాక కూడా అరుస్తాడనుకున్నాను. అద్దాలు తీసి లుంగీతో తుడుచుకున్నాడు. "బావిలకెల్లి ఎవ్వడు నవ్వుకుంట రాలే కొడుకా. అందరు తిట్టుకుంటనే అస్తుండె. సర్దారును తిట్టేటోడు, మేనేజరును తిట్టేటోడు, నన్ను తిట్టేటోడు. నేనేమనకపోతుంటి. తిట్టుడైతే తిట్టు. దీపం ఇచ్చి పో."

నేను వినే స్థితిలో లేను. మర్నాటి నుంచి ఆయన ముందు నుంచి పోవడం మానేసి, వెనక గల్లీలోంచి ఇంటికి చేరేవాణ్ని. ఆటో అటువైపే ఆపేవాణ్ని. నా బిళ్ళ తీసేసి ఉంటాడనుకున్నాను. పీడ విరగడైందని కూడా అనుకున్నాను. అబద్ధం ఎందుకు, అలాగే అనుకున్నాను.

కబురు విని వచ్చేసరికి వరండాలో కాకను చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. తల పక్కన దీపం. పైన గోడకు ఆ చెక్క. పొద్దున పనికి పోయిన వాళ్లందరి బిళ్ళలూ వేలాడుతున్నాయి. చివరి మేకుకు నాదీ ఉంది.

చిన్నమ్మ నేను చూస్తున్నది చూసింది. "దినాం తగిలిస్తుండె. నువ్వు ఎనుక గల్లీలకెల్లి పోతుంటివి గదా, నీ ఆటో సప్పుడు ఆగేదాంక బువ్వ ముట్టకపోతుండె. పెట్టమంటవా అంటే, ఆగు, ఇంకొకడు లోపట్నే ఉన్నడు అంటుండె" అంది.

చాలా రోజులు నేను ఆలస్యంగా వచ్చాను. కొన్ని రోజులు కావాలనే, ఇంటి మొహం చూడలేక, స్టాండులోనే కూర్చున్నాను. అన్ని పూటలూ ఆ ముసలాయన ఆకలితో కూర్చున్నాడు. నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా! గోడ అవతల నుంచి ఒక్క కేక వేసి ఉండొచ్చు. ఆ మొండితనం మీద నాకు ఈ రోజుకీ కోపమే.

ఇది చదివి నేను మారిపోయానని అనుకోకండి. బావి తెరుచుకోలేదు, ఆటో నిండటం లేదు, బిడ్డకు ఏం చెప్పాలో ఇంకా తెలియదు. ఎవరైనా తృప్తి గురించి చెబితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ కాక నన్ను తృప్తి పడమనలేదు. తిట్టుకుంటూనే రమ్మన్నాడు. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు.

మర్నాడు గోదావరి ఒడ్డున దహనం చేసి, స్నానాలు చేసి, తడి బట్టలతో తిరిగొచ్చాం. బిళ్ళలు ఇంకా అలాగే ఉన్నాయి. చిన్నమ్మ ఎవరినీ ముట్టనివ్వలేదు. మమ్మల్ని చూసి, "ఎవరిది వాళ్లు తీసుకోండ్రి" అంది. ఒక్కొక్కరే వెళ్లి తీసి సీసాలో వేశారు. ఆయా అక్క తీసింది, డంపరు నడిపే తమ్ముడు తీశాడు, బట్టల షాపు పిల్ల ఏడుస్తూ తీసింది. ఆఖరున నాది నేను తీశాను. బిళ్ళ సీసాలో పడ్డ చప్పుడు అందరికీ వినిపించింది.

చెక్క ఖాళీ అయింది. చిన్నమ్మ ఒకసారి దానికేసి చూసి, రోజూ తిరిగినట్టే కాక కూర్చునే కుర్చీ వైపు తిరిగి, "అందరు అచ్చిండ్రు. లే, ఇగ తిందువు" అంది.