దోహాలో దస్తీ వేసిన సీటు

ఫుట్‌బాల్ అంటే నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నా దోస్తు ఇరవై సార్లయినా చెప్పి ఉంటాడు. మా దుకాణం కౌంటర్ మీద స్టీలు గ్లాసులు పేర్చి మరీ చెప్పాడు. నా బుర్రకెక్కితేగా! అయినా దోహా దాకా పోయి మ్యాచ్ చూసి వచ్చినవాణ్ణి నేను. ఈ మాట చెప్పుకుంటూ వరంగల్ మట్టెవాడ బజారంతా చాలా రోజులు తిరిగాను. చెప్పింది సగమే. మిగతా సగం ఇవాళ రాస్తున్నాను, రాస్తుంటే సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి.

పోయింది ముగ్గురం. నాది మా తాత పెట్టిన స్టీలు సామాన్ల దుకాణం. రెండోవాడు మా వెనక గల్లీలో బైకుల షెడ్డు నడిపే మెకానిక్, కాలేజీలో గోల్‌కీపర్‌గా ఆడినవాడు. మూడోవాడికి మెడికల్ షాపు ఉంది, ఎక్కడికి రమ్మన్నా చెప్పులేసుకుని తయారవుతాడు. మెకానిక్‌కు, మేం చూడబోయే మ్యాచ్‌లో ఆడే పసుపు చొక్కాల జట్టంటే ప్రాణం. "జిందగీల ఒక్కసారన్న కండ్లార చూడాలెరా" అని ఏళ్ల తరబడి అంటుండేవాడు. రోజుల కొద్దీ ఫోన్ ముందు కూర్చుని టికెట్లు సంపాదించింది కూడా అతనే. మెడికల్ షాపువాడు విమానం ఎక్కాలని వచ్చాడు. నేను వాట్సాప్ స్టేటస్ పెట్టుకోవడానికి పోయాను, దాచడమెందుకు.

నా గుణం ఒకటి ముందే చెప్పుకోవాలి. నాకు లైన్లో నిలబడటం చేతకాదు. ఆఫీసుకు పోయినా, దవాఖానకు పోయినా నేను మొదట అడిగేది "ఈడ మనోడు ఎవడన్న ఉన్నడా?" అనే. ఉంటే సరే. లేకపోతే ఐదు నిమిషాల్లో ఒకణ్ణి మనోణ్ణి చేసుకుంటాను. మీదే ఊరు, మీ మేనమామలు ఎక్కడుంటారు అని అడుగుతూ పోతే ఎక్కడో ఒకచోట చుట్టరికం కలవకపోదు. "సేటును ఎంట తీస్కపోతే పనైతదిరా" అని నాకు పేరు. ఆ పేరు చూసుకుని నేను మురిసిపోయేవాణ్ణి.

స్టేడియంలో మా సీట్లు బాగా పైన పడ్డాయి. మెకానిక్ మాత్రం సంతోషంతో ఊగిపోతున్నాడు. కింద పచ్చగడ్డిని చూస్తూ, "యా అల్లా, నిజంగ వచ్చినమారా?" అని మాటిమాటికీ నన్నే అడుగుతున్నాడు.

"గీడికెల్లి ఏం కనవడ్తదిరా! చీమల లెక్క ఉన్నరు" అని నేను గట్టిగానే విసుక్కున్నాను.

మెట్ల దగ్గర మెరిసే జాకెట్ వేసుకుని నిలబడ్డ సెక్యూరిటీ మనిషి గిర్రున తిరిగాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. మెడలో ఐడీ కార్డు, మొహం ఎండకు కమిలిపోయి ఉంది.

"అన్నా, మీది వరంగలా?"

"వరంగలే, మట్టెవాడ. నీదేడ తమ్మీ?"

"నెక్కొండ అన్నా. రైల్వే టేషన్ పక్కపొంటే మా ఇల్లు."

"నెక్కొండనా! అరే, మనోడే!" అంటూ అతని భుజం మీద చెయ్యేశాను.

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికి పోయి మూడేళ్లయిందట. ఇన్నాళ్లూ ఎండలో బిల్డింగుల మీద పనిచేసి, ఎవరెవరినో బతిమాలి ఈ మధ్యనే సెక్యూరిటీ డ్యూటీకి మారాడట. "గిది దొరికినంక జర పానం కుదుటవడ్డదన్నా. ఇంకో యాడాది గిట్లనే నడిస్తే ఇంటికి స్లాబ్ పడ్తది. పిల్లర్లకాడనే ఆగింది" అన్నాడు. తల్లి, భార్య, బిడ్డ రేకుల షెడ్డులో ఉంటున్నారట.

ఈ మాటలన్నీ నేను విన్నాను. విని కూడా, "తమ్మీ, కింద జర మంచి సీట్లేమన్న ఖాళీగున్నయా?" అని అడిగాను.

అతని మొహం మారిపోయింది. "ఒద్దన్నా. సూపర్‌వైజర్ చూస్తే నా పని ఖతం."

"ఏం గాదు తమ్మీ, ఎవలన్న వస్తే లేస్తం గదా. మనూరోళ్లకు గంతమాత్రం చెయ్యవా?"

మెకానిక్ నా చొక్కా పట్టుకుని లాగాడు. "ఈడికెల్లి మంచిగనే కనవడ్తాంది, సప్పుడుజేక కూసో" అన్నాడు. నేను వింటేనా! అప్పటికే మెట్లు దిగుతున్నాను. పన్నెండు వరుసల కింద మూడు సీట్లు ఖాళీగా కనపడ్డాయి. జేబులోంచి దస్తీ తీసి ఒక సీటు మీద, టోపీ తీసి ఇంకోదాని మీద, నీళ్ల సీసా మూడోదాని మీద వేశాను. వరంగల్ బస్టాండులో పుట్టి పెరిగిన చెయ్యి అది. కిటికీలోంచి దస్తీ వేస్తే ఆ సీటు మనది, కండక్టర్ కూడా కాదనడు. నా వెనకే పరుగున వచ్చిన నెక్కొండ మనిషి, "ఎవలన్న వస్తే ఎమ్మటే లేవుండ్రన్నా, మీ కాళ్లు మొక్కుత" అని చెప్పి భయంభయంగా తన చోటికి పోయాడు. ఊరివాళ్లకు లేదనలేకపోయాడు, పాపం.

మ్యాచ్ మొదలైన పావుగంటకు ఆ సీట్లవాళ్లు రానే వచ్చారు. భార్యాభర్తలు, చిన్న కూతురు. టికెట్లు చూపించి మర్యాదగానే అడిగారు. నా దోస్తులిద్దరూ టక్కున లేచారు. నేను లేవలేదు. "వీ కేమ్ ఫస్ట్" అన్నాను. నేను ముందు వచ్చి దస్తీ వేశాను, వీళ్లు తాపీగా వచ్చి లెమ్మంటారేమిటి అని నిజంగానే కోపం వచ్చింది. నాకంత తలతిక్క. దస్తీ ఎత్తి వాళ్ల మొహం ముందు ఊపి చూపించాను కూడా. దుకాణంలో బేరం చెడినప్పుడు లేచే గొంతు ఒకటుంది నాకు, అది లేచింది. చుట్టుపక్కల వాళ్లు మ్యాచ్ వదిలి నన్ను చూడటం మొదలుపెట్టారు. నెక్కొండ మనిషి పరుగెత్తుకొచ్చి, "అన్నా, లెవ్వన్నా, దండం పెడ్త" అంటూనే ఉన్నాడు. ఇంతలో వాకీటాకీతో సూపర్‌వైజర్ దిగాడు.

"మిమ్మల్ని ఇక్కడ ఎవరు కూర్చోబెట్టారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఎవరూ కాదు సార్, మా అంతట మేమే కూర్చున్నాం" అని మెకానిక్ హిందీలో అడ్డుపడ్డాడు. సూపర్‌వైజర్ అతని వైపు చూడలేదు. నన్నే చూస్తూ, ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లలకు చెప్పినట్టు అడిగాడు. నిజం చెప్పకపోతే బయటికి పంపించాల్సి ఉంటుందన్నాడు. నెక్కొండ మనిషిని చూపిస్తూ, "ఇతనేనా?" అన్నాడు.

పోలీసులు, పాస్‌పోర్టు, జైలు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. వాటన్నిటికంటే ముందు, మ్యాచ్ మధ్యలో గెంటేశారని మట్టెవాడలో తెలిస్తే నా పరువేం కాను అనిపించింది. వేలు చాపి చూపించాను.

"యెస్ సర్. హీ టోల్డ్" అన్నాను.

నెక్కొండ మనిషి ఐడీ కార్డు మెడలోంచి తనే తీసి ఇచ్చాడు. సూపర్‌వైజర్ వెనకాల పోతూ పోతూ, "మీ సీట్లకు పోయి కూసోండ్రన్నా, ఆట నడుస్తాంది" అని మాకు చెప్పాడు.

మెకానిక్ వాళ్ల వెనకే పరుగెత్తాడు. నేనూ మెడికల్ షాపువాడూ పైకి పోయి మా సీట్లలో కూర్చున్నాం. సగం ఆట అయిపోయింది, మెకానిక్ రాలేదు. రెండో సగం కూడా నడుస్తోంది. అప్పుడు పసుపు చొక్కాలవాళ్లు గోల్ కొట్టారు. స్టేడియం మొత్తం లేచింది. నేనూ లేచాను. లేచి, ఎగిరి, అరిచి, వీడియో తీశాను. ఛీ, ఎట్లా అరవగలిగానో! అరుస్తున్నప్పుడు నా పక్క సీటు ఖాళీగానే ఉంది.

ఆట అయిపోయి జనం దిగుతుంటే మెకానిక్ గేటు దగ్గర కనపడ్డాడు. ఆ ఆఫీసు తలుపు ముందు అప్పటిదాకా నిలబడి బతిమాలాడట. ఎవరూ వినలేదట. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎన్ని కొట్టిండ్రు?" అని మాత్రం అడిగాడు.

"ఒకటి" అన్నాను. తలూపి బస్సు వైపు నడిచాడు.

ఇంటికొచ్చాక ఆ వీడియో ఎంతమందికి చూపించానో లెక్కలేదు. దుకాణానికి వచ్చినవాళ్లు కుక్కరు కొంటే వీడియో ఉచితం అన్నట్టు చూపించాను. మెకానిక్ ఉన్నప్పుడు మాత్రం ఫోన్ జేబులోంచి తీసేవాణ్ణి కాదు. నెక్కొండ మనిషి నంబరు అతని దగ్గర ఉంది. కంపెనీ పనిలోంచి తీసేసి నెల తిరగకముందే వెనక్కి పంపిందని అతనే చెప్పాడు. "ఈ ఐతారం నెక్కొండ పోయొద్దాం, నువ్వు గూడ రా" అన్నాడు. పెళ్లిళ్ల సీజన్ అన్నాను, గిరాకీ ఉందన్నాను. గిరాకీ లేదు, ఏమీ లేదు. ఆదివారం పొద్దున దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. మెకానిక్ ఒక్కడే రైలెక్కి పోయాడు.

మరుసటి రోజు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చాయ్ తెప్పించాను. స్లాబ్ పడలేదట. ఆ మనిషి మార్కెట్ యార్డులో హమాలీ పని చేస్తున్నాడట, మక్కల బస్తాలు మోస్తున్నాడట.

"నన్నేమన్నడు?" అని అడిగాను. తల ఎత్తకుండానే అడిగాను.

"నిన్నేమంటడు? ఏమనలే. 'ఆ అన్నకు ఇంగ్లీషు సమజ్ గాలేదు గావచ్చు. నన్ను బచాయించాలనే చూసిండు, కని ఆగమై యెస్ అన్నడు, పాపం' అన్నడు. వాళ్లమ్మతోని గూడ గట్లనే చెప్పిండట."

నేను బీకాం చదివాను. ఆ సూపర్‌వైజర్ అడిగిన ప్రతి మాటా నాకు అర్థమైంది. మెకానిక్ చాయ్ గ్లాసు కౌంటర్ మీద పెట్టి నా మొహం వంకే చూస్తున్నాడు.

"నిజంగనే సమజ్ గాలేదారా నీకు?"

"ఔరా, సమజ్ గాలే" అన్నాను.

"సరే, నువ్వు గట్లనే అన్నవని చెప్త మరి ఆయనకు" అని లేచి షెడ్డుకు పోయాడు.