నాలుగు అని రాసి ఉన్న చోట

ఇది రాసి పెట్టకపోతే మా ఇంట్లో ఒక నవ్వులాట కథగా మిగిలిపోతుంది. ఇప్పటికే మా అత్త పెళ్లిళ్లలో, ప్రార్థన కూటాల్లో చెప్పి అందరినీ నవ్విస్తోంది. ఆమె మొదలుపెట్టగానే నేను లేచి బయటికి పోతాను. ఆ రోజు నీళ్లలో మునిగింది మా అమ్మాయి. దిగమన్నది నేను. అత్త చెప్పే కథలో ఈ రెండు మాటలూ రావు. నా మీద దయతో ఆమె వాటిని వదిలేస్తుంది. అందుకే నేను రాయాల్సి వస్తోంది.

బూర్గంపాడు దాటి అడవి మొదలయ్యే చోట, కాస్త ఎత్తు మీద ఉన్న ఒక పెద్ద ఇంటికి అప్పట్లో నేను కాపలాదారుణ్ణి. సెల్‌ఫోన్లు ఊళ్లలోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులు. యజమాని ఖమ్మంలో గ్రానైటు వ్యాపారి. మనవల కోసం పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించాడు. మనవలు రెండుసార్లు వచ్చారు. తర్వాత అందులోకి కప్పలు వచ్చాయి.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో చదివాను. రెండు బీరువాలు పూర్తి చేశాను, మూడో దాని తాళంచెవి పోయింది. ఈత నేర్పే పుస్తకం కూడా చదివాను. ఎవరూ లేనప్పుడు బెంచీ మీద బోర్లా పడుకుని, పుస్తకంలో బొమ్మలు చూస్తూ చేతులు ఆడించాను. నీళ్లలో మాత్రం మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగలేదు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లలో రెండు రకాలుంటారు, ఈదేవాళ్లు, భయపడేవాళ్లు. నేను రెండో రకం.

ఒక కంపెనీ ఆ ఇంటిని తన ఆఫీసర్ల కుటుంబాల కోసం గెస్ట్‌హౌస్‌గా కిరాయికి తీసుకుంటానంది. అయితే ముందు వాళ్ల సేఫ్టీ ఆఫీసర్ వచ్చి పూల్ తనిఖీ చేయాలట. చేయాల్సిన పనుల జాబితా ఇంగ్లీషులో పంపారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు రోజులు కూర్చుని తెలుగులో రాసుకున్నాను. చుట్టూ కంచె, గేటుకు గడియ, మోటారు గదిలో తెగిన వైర్లు లేకుండా చూడటం, మునిగేవాళ్లకు అందించడానికి పొడవాటి గడ, తేలే ట్యూబు, గోడ మీద లోతు గుర్తులు. అడుగున నీళ్లు పోయే రంధ్రానికి జాలీ లేకపోతే ఆ పీల్పుకు జుట్టు చిక్కుకుని మనిషి పైకి రాలేకపోవచ్చు అని ఒక వాక్యం ఉంది. అంతవరకు ఆ నీళ్లను ఒక పనిగా చూశాను. ఇప్పుడు అవి నోరు తెరుచుకుని ఉన్నట్టు కనిపించసాగాయి.

నీళ్లన్నీ తోడించాం. పాచి గీకించాం. జాలీ నేనే బిగించి, నాలుగుసార్లు లాగి చూశాను. గడ కోసం అడవి అంచు ఊరి నుంచి రెండు నిలువుల వెదురు ఒకటి కొని, ఎరుపు, తెలుపు పట్టీలు వేసి కొక్కేలకు తగిలించాను. లారీ ట్యూబు గాలి కొట్టించి పక్కన పెట్టాను.

లోతు గుర్తులు రాయడానికి ఒక పెయింటర్‌ను పిలిచాను. గోదావరి నీటిమట్టం తెలిపే అంకెలు రాసిన అనుభవం ఉన్న మనిషి. అంతకన్నా తగినవాడు ఎవరు దొరుకుతాడని సంతోషించాను. అతను ఖాళీ పూల్‌లో లోతు తక్కువగా ఉన్న వైపు దిగి, అక్కడి నేల నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గోడ మీద రాశాడు. తర్వాత సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి, మట్టం చూస్తూ అవే గీతలను ఎదుటి గోడకు తీసుకుపోయాడు. అక్కడ కూడా అదే ఎత్తున ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ వైపు నేల ఇంకా చాలా కిందికి దిగిపోయి ఉంది. ఒకటికి కింద గోడంతా ఖాళీ. పైపు రెండో కొస పట్టుకున్నది నేనే. అందంగా రాశావని మెచ్చుకున్నది కూడా నేనే.

నాకు ఎందుకు అనుమానం రాలేదో చాలాసార్లు ఆలోచించాను. వానాకాలంలో మేం రేడియోలో వినేది ఒక్క అంకె. భద్రాచలం దగ్గర నలభై మూడు అడుగులంటే మొదటి ప్రమాద హెచ్చరిక. ఆ నలభై మూడు ఏ చోటి లోతని ఎవరమూ అడగం. నది మొత్తానికి అదే అంకె. నీళ్ల పక్కన అంకె కనిపిస్తే అది నీళ్లు ఎక్కడిదాకా లేచాయో చెబుతుందని మాకు పుట్టుకతో తెలుసు. అక్కడ నిలబడితే తల తేలుతుందా, మునుగుతుందా అన్నది వేరే ప్రశ్న అని తట్టలేదు.

బోరు నీళ్లతో నింపాం. నీళ్లు రెండు వైపులా నాలుగు అంకె దగ్గర ఆగాయి.

తనిఖీకి ముందు రోజు పొద్దున, సెలవులకు పెనుబల్లి వెళ్లిన మా అమ్మాయిని వెంటబెట్టుకుని మా అత్త వచ్చింది. అమ్మాయికి పదకొండేళ్లు. పూల్ ఖాళీగా ఉండగా అది చూడలేదు. అత్త వచ్చీ రాగానే ప్రయాణంలో మాసిన చీర ఉతుక్కుని, ఆరేయడానికి నా పట్టీల గడను కొక్కేల నుంచి తీసింది.

"అత్తా, అది ఇన్‌స్పెక్షన్ గడ. ముట్టుకోవద్దు," అన్నాను.

"ఏం, దానికి పెళ్లిచూపులా?" అంది. "రేపు వచ్చే ఆయన చూసేది రేపే కదా అల్లుడూ. ఇవాళ నా చీర ఆరనీ."

"ఆఫీసర్ చూస్తే పరువు పోతది."

"నా చీరను చూసి పరువు పోయే ఆఫీసర్‌ని నేనెక్కడా చూడలేదు."

చీర ఆరాక గడను కొక్కేలకు తగిలించకుండా పూల్ గట్టు మీదే వదిలేసింది. నేను విసుక్కుంటూ మోటారు గదిలోకి పోయాను. ఒక వైరుకు టేపు చుడుతుంటే బయటి నుంచి అమ్మాయి అడిగింది.

"నాయినా, ఇక్కడ దిగనా? నాలుగే ఉన్నది."

తల ఎత్తలేదు. అది ఏ వైపు నిలబడిందో చూడలేదు. "అవ్, రాసే ఉన్నది గదా. నిచ్చెన కడ్డీ పట్టుకుని దిగు," అన్నాను.

అక్షరం వచ్చినప్పటి నుంచి దానికి నేను నేర్పింది అదే. బస్సు బోర్డు, మందు సీసా, ఏదైనా ముందు చదువు, ఆ తర్వాతే అడుగు వెయ్యి. అది చదివింది. తన ఎత్తు నాలుగుముప్పావు అడుగులని బడిలో కొలిచారు. నీళ్ల అడుగున నేల కూడా దగ్గరగానే కనిపించింది. తేటనీళ్లు అడుగును పైకి లేపి చూపిస్తాయని నేను ఒక సైన్సు పుస్తకంలో చదివాను. దానికి చెప్పలేదు.

టేపు చుట్టడం అయింది. నీళ్ల చప్పుడు ఒకసారి వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. పిల్ల నీళ్లలో దిగితే అరుపులుండాలి, నవ్వులుండాలి. టేపు పడేసి లేచాను.

బయటికి వచ్చేసరికి నీళ్ల మీద జుట్టు మాత్రమే పరుచుకుని ఉంది. ఆ కింద చేతులు ఏదో వెతుకుతున్నాయి. నేను గట్టు మీద నిలబడ్డాను. పుస్తకంలోని బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. కాళ్లు కదలలేదు.

అత్త వంటింటి గుమ్మం నుంచి వచ్చి, గట్టు మీది గడను తీసుకుంది. దూకలేదు. అరవలేదు. పోటు పొడిచినట్టు కాకుండా, బావిలో జారిన బిందెను వెతికినట్టు గడను మెల్లగా నీళ్లలోకి పోనిచ్చి పిల్ల చేతికి తాకించింది. ఆ వేళ్లు వెదురును పట్టుకోవడం నేను చూశాను.

"చూస్తావేం? నా నడుం పట్టుకో," అంది నాతో.

పట్టుకున్నాను. ఇద్దరం లాగాం. పిల్ల గట్టు మీద బోర్లా పడి నీళ్లు కక్కింది. ఊపిరి అందాక నా వైపు చూసి, తప్పు చేసిన గొంతుతో అంది.

"నాలుగని రాసి ఉన్నది, నాయినా."

ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతే గంటల తర్వాత కూడా ప్రమాదమని ఎక్కడో చదివాను. ఆ భయంతో జీపు పట్టుకుని దవాఖానాకు తీసుకుపోయాం. సాయంత్రం దాకా దాని ఛాతీ ఎగసిపడటం చూస్తూ కూర్చున్నాను. హాస్టల్‌లో వంట పని నుంచి నేరుగా అక్కడికి వచ్చిన నా భార్య, జరిగింది విని నన్ను దాటుకుని పోయి పిల్ల మంచం అవతలి వైపు కూర్చుంది. డాక్టర్ ఇంటికి పొమ్మన్నాక అత్త కళ్లు తుడుచుకుంటూ అంది. "ప్రభువు కాపాడాడు. గడ గట్టు మీద పెట్టింది మాత్రం నేనే."

ఇంటికి రాగానే పెయింటర్‌కు కబురు పెట్టాను. వచ్చాడు, విన్నాడు.

"నదికి గట్లనే రాస్తం తమ్మీ. మట్టం ఒక్కటే ఉంటది."

"ఇందుల పిల్లలు దిగుతరు పెద్దన్నా."

అతను గడను లోతు వైపు నిలువుగా దించాడు. తీసి, తడి ఎక్కడిదాకా ఉందో జానలతో కొలిచాడు. ఎనిమిది అడుగులు. గడను కింద పెట్టి అక్కడే కూలబడ్డాడు. కాసేపటికి లేచి, గట్టు మీద బోర్లా పడుకుని, చెయ్యి అందినంత మేర ఆ నాలుగును గీకేశాడు. పొడిగా ఉన్న గట్టు రాయి మీద ఎర్ర రంగుతో ఒక వైపు 4, ఒక వైపు 8 రాశాడు. డబ్బాలు సర్దుకుని, ఎవరికైనా చెబితే తన పేరు చెప్పొద్దన్నాడు.

మర్నాడు సేఫ్టీ ఆఫీసర్ వచ్చాడు. జాలీ చూశాడు, వైర్లు చూశాడు, గడ చూసి తల ఊపాడు. గీకిన మచ్చ దగ్గర ఆగాడు.

"ఇక్కడేంది, రంగు లేచిపోయిందా?"

అవునంటే సరిపోయేది. సంతకం కాకపోతే ఇల్లు అమ్మేస్తానని, నా దారి నేను చూసుకోవాలని యజమాని ముందే చెప్పి ఉన్నాడు. అప్పుడు అరుగు మీద అత్త ఒళ్లో కూర్చుని, అమ్మాయి నా వైపే చూస్తోంది. జరిగింది మొత్తం చెప్పాను.

ఆయన పెన్ను మూశాడు. సంతకం పెట్టలేదు. లోతు మొదలయ్యే చోట అడ్డంగా తాడు కట్టాలని, గేటు గడియ పిల్లలకు అందనంత ఎత్తుకు మార్చాలని, కింది అంకెలన్నీ నీళ్లు తీసి చెరపాలని రాసిచ్చి, పదిహేను రోజుల తర్వాత వస్తానన్నాడు. యజమాని ఫోన్‌లో తిట్టిన తిట్లకు నా చెవి వేడెక్కింది. "నిన్నెవడు చెప్పమన్నడు?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. ఆఫీసర్ రెండోసారి వచ్చినప్పుడు సంతకం అయింది.

ఇక కృతజ్ఞతలు. పెయింటర్ పేరు వద్దన్నాడు కనుక ఎవరి పేరూ రాయను. చీర ఆరేసుకుని గడను తిరిగి తగిలించని మా అత్తకు. వెదురు అమ్ముతూ, ఇంకో మూర పొడుగుది తీసుకుపొమ్మని బలవంతపెట్టిన అడవి ఊరి ముసలమ్మకు. పైసలు అడగకుండా దవాఖానాకు తోలిన జీపు డ్రైవర్‌కు. తప్పు తనది కూడా అని కూలబడిన పెయింటర్‌కు. సంతకం పెట్టకుండా వెళ్లిన ఆఫీసర్‌కు. మూడో బీరువా తాళం పగలగొట్టించి, ఈత పుస్తకం ఇంకొకటి ఉందంటూ తీసి ఇచ్చిన లైబ్రేరియన్‌కు కూడా. ఆ పుస్తకం నేను తెరవలేదు. ఆ వేసవిలోనే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, నాలుగు వైపు నుంచి, గడతో ముందు నేల తాకి చూసుకుని, ఛాతీ లోతు దాకా దిగాను.