శకటు ముందు బంటు

పోయిన మంగళవారం బాపట్లలో మా అమ్మాయి ఇంటి దగ్గర క్లినిక్‌లో ఇంజెక్షన్ చేయించుకున్నాను. నర్సు పిల్ల సీసా రేకు మూత ఊడదీసి, రబ్బరు బిరడా మీద స్పిరిట్ దూది రుద్దింది. ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. ఏం కావాలి బామ్మగారూ అంటే ఏం లేదన్నాను. ఏం చెప్పను? రేపల్లెలో మా చదరంగం పెట్టెలో తెల్ల శకటు ఒకటి పోతే, దాని బదులు అలాంటి బిరడాయే పెట్టుకుని ఆడేవాళ్లం, నేనూ రూతమ్మ సిస్టరూ.

సిస్టరు అక్కడొక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సు, నేను ఆయాను. నేను అడవులదీవిలో పుట్టాను, బడి మొహం చూడలేదు. చదరంగం మాత్రం మా నాన్న నేర్పాడు. చేపల వేటకి పోని రోజుల్లో అరుగు మీద బొగ్గుతో గళ్లు గీసి ఆడేవాడు. సిస్టరు మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆవిడ వార్డులోకి వస్తోందంటే కుర్ర డాక్టర్లు కూడా నవ్వు ఆపేసేవాళ్లు. నాకు ఆట వచ్చని ఎలా తెలిసిందో గానీ, ఒక మధ్యాహ్నం ఓపీ ఖాళీ అయ్యాక డ్రెస్సింగ్ గదిలోకి పిలిచి బల్ల మీద పావులు పేర్చింది. ఓడినవాళ్లు బయటికి వెళ్లి టీ తేవాలంది. అదేం పందెమో నాకర్థం కాలేదు. గెలిచినా ఓడినా టీ తెచ్చేది ఎలాగూ ఆయానే కదా.

తెల్ల పావులు ఎప్పుడూ నావే. రాజు ముందు బంటును రెండు గళ్లు నడిపేదాన్ని, ఆవిడా అలాగే నడిపేది. నేను గుర్రాన్ని బయటికి తీసి ఆ బంటుకు గురిపెట్టేదాన్ని. ఎవరైనా తమ గుర్రాన్ని తెచ్చి దాన్ని కాపాడుకుంటారు. ఆవిడ మాత్రం రాజు పక్కనున్న శకటు ముందు బంటును ఒక్క గడి జరిపేది. అది తప్పుడు ఎత్తు అని నాలాంటిదానికి కూడా తెలుస్తుంది. రాజు పక్కన తలుపు బార్లా తెరిచినట్టే. పైగా తన గుర్రం నిలబడాల్సిన చోట తన బంటే అడ్డంగా కూర్చుంటుంది. అయినా ఆ తలుపులోంచి ఎలా దూరాలో నాకు తెలిసేది కాదు. ఒకటి కాదు, రెండు కాదు, నాలుగేళ్లు ఓడాను. మంచి ఎత్తు వేసి ఓడించినా సహించేదాన్నేమో. చెత్త ఎత్తు వేసి, అది చెత్తని తెలిసి వేసి, రోజూ నా చేత టీ తెప్పించుకునేది. ఒకరోజు అడిగేశాను.

"అది తప్పని మీకూ తెలుసు కదండీ. ఎందుకేస్తారు?"

"తప్పని నువ్వు తేల్చేదాకా నాకది ఒప్పే."

"ఎలా కొట్టాలో చెప్పొచ్చుగా."

"చెప్పను. పుస్తకాల్లో ఉంది, చదువుకో."

"చదువొస్తే మిమ్మల్నెందుకు అడుగుతానండీ?"

"రాకపోతే టీ తీసుకురా."

ఒళ్లు మండిపోయింది. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. సంతకం కోసమో, బస్సు బోర్డు కోసమో అక్షరాలు నేర్చుకున్నామని చాలామంది అంటారు. నేను కోపంతో నేర్చుకున్నాను. నేర్పేవాళ్లెవరున్నారు? ఆవిడే. మర్నాడు పలక కొనుక్కెళ్లి ఆవిడ ముందు పెట్టాను. ఎందుకని అడగలేదు, అ రాసి దిద్దమంది. రోజూ ఆట అయ్యాక పావుగంట. మెత్తగా చెప్పే మనిషి కాదు. నేను వత్తులు మింగేస్తే స్కేలుతో బల్ల మీద కొట్టేది. ముసలి పిల్లకి పాఠమా అని కాంపౌండరు నవ్వితే, నీ చేతిరాత కంటే దీనిదే నయం అంది. నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

రెండేళ్లు పట్టింది కూడబలుక్కుని చదవడానికి. ఒక సెలవు రోజు పాసింజరెక్కి తెనాలి వెళ్లి, పాత పుస్తకాల బండి మీద అట్ట ఊడిన చదరంగం పుస్తకం కొన్నాను. తిరుగు బండిలో కూర్చుని బొమ్మలు పోల్చుకుంటూ ఆ పేజీ పట్టుకున్నాను. గుర్రంతో ఆ బంటును కొట్టెయ్యమని ఉంది. నమ్మబుద్ధి కాలేదు, బంటుకి గుర్రాన్ని ఇస్తారా ఎవరైనా? వేలు పెట్టి మళ్లీ చదివాను. వాళ్లు గుర్రాన్ని తీసుకుంటే మంత్రిని పక్కగా తెచ్చి చెక్ చెప్పాలట, ఇక వాళ్ల పని అయిపోయినట్టేనట. కింద ఇంకో ముక్క ఉంది. వాళ్లు గుర్రాన్ని ముట్టుకోకుండా మంత్రిని రాజు ముందుకు తెచ్చుకుంటే, పోయిన బంటు మళ్లీ దక్కుతుంది, ఆట సాగుతుంది. రేపల్లెలో బండి ఆగి అందరూ దిగినా నేను ఆ ముక్క దగ్గరే ఉన్నాను.

మర్నాడు ఆవిడ ఎప్పటిలాగే ఆ బంటు జరిపింది. నేను గుర్రంతో కొట్టాను. ఆవిడ బల్ల వంక చాలాసేపు చూసింది. మంత్రిని ముందుకు తెస్తుందేమోనని ఆవిడ చేతినే కనిపెట్టుకుని ఉన్నాను. తల ఎత్తకుండా, పుస్తకం ఎక్కడ దొరికిందని అడిగింది. తెనాలిలో అన్నాను. ఊ అని, గుర్రాన్ని తీసుకుంది. నేను చెక్ అన్నాను. గుర్రం ముందు బంటును అడ్డం పెట్టింది. నా మంత్రి మధ్యనున్న బంటును కొట్టి, ఒకేసారి రాజు మీదా ఏనుగు మీదా గురిపెట్టి కూర్చుంది. ఇంకొన్ని ఎత్తులకి ఆవిడ తన రాజును పడుకోబెట్టి, ఫ్లాస్కు తీసుకుని లేచింది. నేను తెస్తానండీ అని లేవబోతే, కూర్చో అంది.

వార్డు మధ్య నుంచి, రోగులూ కాంపౌండరూ చూస్తుండగా, హెడ్ నర్సు ఆయాకి టీ తేవడానికి వెళ్లింది. తెచ్చి గ్లాసులో పోసి నా ముందు పెట్టి, "పంచదార తక్కువేయించా. నీకు షుగరుంది" అంది. ఆ టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే కూర్చున్నాను.

ఆ తర్వాత ఆవిడ ఆ ఎత్తు మళ్లీ వెయ్యలేదు. అందరిలాగే గుర్రం తీసేది. నేను కొన్నిసార్లు గెలిచాను, చాలాసార్లు ఓడాను. కానీ లోపల ఒకటే పీకులాట. పుస్తకాల్లో ఉందని చెప్పిన మనిషికి రెండో ముక్క తెలియకుండా ఉంటుందా? తెలిసీ గుర్రాన్ని ఎందుకు తీసుకుంది? నేను గెలిచానా, గెలవనిచ్చిందా? అడగాలంటే భయం. పదకొండేళ్లు మోశాను. ఆవిడ రిటైరై, బాపట్లలో మేనకోడలి ఇంట్లో మంచం పట్టిందని తెలిసి చూడ్డానికి వెళ్లినప్పుడు అడిగాను.

"ఆ రోజు గుర్రాన్ని వదిలెయ్యొచ్చు కదండీ. పుస్తకంలో ఉంది."

"ఉంది."

"మరి?"

"కొట్టెయ్యమన్న ఒక్క ముక్క చదివి ఎగిరొచ్చావో, అంతా చదివి అర్థం చేసుకునొచ్చావో చూద్దామనుకున్నా. వత్తులు మింగేసేదానివిగా."

ఆ ఎండాకాలమే ఆవిడ పోయింది. మందుల చీటీ గానీ, కరెంటు ఆఫీసు కాగితం గానీ, ఇప్పుడు ఏది చేతికొచ్చినా వేలు పెట్టి చివరి ముక్క దాకా చదువుతాను. అంతసేపా అని మా అమ్మాయి విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఆవిడ చెప్పిన జవాబు నమ్మాలనే ఉంది. కానీ చెబుతున్నప్పుడు దుప్పటి అంచు మడత పెడుతూ చెప్పింది, నా వైపు చూడలేదు. సూది గుచ్చే ముందు రోగులతో నొప్పుండదమ్మా అనేటప్పుడు కూడా గొంతు సరిగ్గా అలాగే ఉండేది. పరీక్ష పెట్టి ఉంటే నేను నెగ్గినట్టే. జాలి చూపించి ఉంటే మాత్రం ఆ గెలుపు నాకొద్దు, ఆ ఆట మళ్లీ ఆడాలి. ఎవరితో ఆడేది?